నైరుతి తలుపు

జూన్ 12

డ్రాయింగులు ఆమోదం పొందాయి. మొత్తం పన్నెండు షీట్లు.

ఇరవై తొమ్మిదేళ్లలో నేను కట్టించినవి: ఇళ్లు రెండు వందల పైచిలుకు, ఫంక్షన్ హాళ్లు పదకొండు, ఎనుమాములలో రెండు గోదాములు, ఒక పెట్రోల్ బంకు. ఎవరైనా లోపలికి రావచ్చు అని బోర్డు పెట్టుకునే భవనం ఇదే మొదటిది. గుట్ట పార్కు సందర్శకుల కేంద్రం.

పెద్దదేమీ కాదు. నూట పది అడుగుల నడవ, దానికి రెండు వైపులా గదులు. ఈశాన్యం తలుపు పార్కులోకి: వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, సిమెంటు జింకలు. నైరుతి తలుపు గుట్ట మీది అడవిలోకి. ఊళ్లోంచి వచ్చినవాడు ఒక తలుపులో దూరి రెండో తలుపులోంచి చెట్ల మధ్య తేలాలి. డిజైన్ అంటే ఇంతే. గీసింది నవ్య. నా దగ్గర చేరి నాలుగేళ్లయింది. మొదటి స్కెచ్ నా బల్ల మీద పెట్టిన రోజే చెప్పింది: "సార్, రెండో తలుపు లేకపోతే ఇది ఉత్త గోడ."

బీపీ మాత్ర మార్చారు. కొత్తది వేసుకుంటే మధ్యాహ్నం నిద్ర వస్తోంది.

జూన్ 20

గుట్ట కింది వాడకు వెళ్లాను. వాడకూ గుట్టకూ మధ్య వేసే కంచెకు స్తంభాలు పాతడానికి పార్కు ఆఫీసువాళ్లు ఇంతకుముందు రెండుసార్లు వెళ్లారు. రెండుసార్లూ ఆడవాళ్లు పీకేశారు. "మీరైతే లోకల్, మీ మాట వింటరు," అని రాజేశ్వర్ రావు గారు నన్ను పంపారు. ఆయన ఈ ప్రాజెక్టుకు అధికారి.

అంగన్‌వాడీ అరుగు మీద కూర్చున్నాం. నలభై మంది దాకా వచ్చారు. మాట్లాడింది మాత్రం సమ్మమ్మ ఒక్కతే. అరవై దాటి ఉంటాయి. గుట్ట మీద సీతాఫలాలు తెంపి కాజీపేట స్టేషన్ బయట అమ్ముతుంది. వాడలో ఆ పని చేసే ఇళ్లు పదిహేడు.

"కంచె ఏస్తే మేమెట్ల పోవాలె సారూ?"

"బిల్డింగులకెల్లి పోవచ్చక్కా. ఎనక తలుపు ఉంటది. టికెట్ ఉండదు."

"గంపతోని పోనిస్తరా? అద్దాలు, టైల్సు అంటాన్రు. బురద కాళ్లతోని పోతే వాచ్‌మన్ కొట్టడా?"

"గంపతోనే పోవచ్చు. తలుపు నాలుగున్నర అడుగులు పెట్టినం."

నాలుగున్నర అడుగులంటే ఎంతో చూపించమంది. నేను చేతులు చాపాను. వెనక నుంచి ఒకడు, "సమ్మక్కా, నీ నోరు పట్టేంత ఉన్నదో లేదో సూస్కో," అన్నాడు.

"నీ కడుపు పడ్తే సాలు బిడ్డా, నా గంప దాని ఎన్క అదే పోతది."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మాట ఎవలిస్తాన్రు? నువ్వా, ఆఫీసోళ్లా?"

"నేనిస్తాన."

"దసరా ముంగట కాయ కండ్లు తెరుస్తది. తెరిచిన్నాడే తెంపాలె. ఒక్క దినం ఆలిశమైతే పిట్టల పాలు. గది యాదిపెట్టుకో."

జూన్ 21

స్తంభాల పని మొదలైంది. ఎవరూ అడ్డం రాలేదు.

జూలై 9

పునాదిలో నాలుగడుగులకే బండ తగిలింది. కాంట్రాక్టర్ శ్రీనివాస్ దానికి సంతోషించాడు. పునాది లోతు తగ్గుతుంది. వాన లేదు. దుమ్ము.

జూలై 24

రివ్యూ మీటింగ్. నైరుతి తలుపు తీసేశారు. వాస్తు.

ఇంకేమీ రాయాలని లేదు.

జూలై 25

నాలుగో షీటు మార్చాను. వాళ్లు తీసేసిన తలుపు చోట కిటికీ వచ్చింది. ఎనిమిది అడుగుల వెడల్పు, ఒకే అద్దం. దాని ముందు బెంచీ. కూర్చున్నవాళ్లకు గుట్ట పూర్తిగా కనిపిస్తుంది. ఒక రకంగా ఇదే మేలు. ముసలివాళ్లు, పిల్లల తల్లులు గుట్ట ఎక్కలేరు. వాళ్లు కూర్చుని చూస్తారు. కనిపించడం కూడా సంబంధమే.

ఇదే మాట నవ్యతో అన్నాను.

"టీవీల గూడ కనిపిస్తది సార్," అంది. తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

జూలై 28

ఆదివారం. పద్మలత స్కూలు పేపర్లు దిద్దుకుంటూ అడిగింది, ఈ మధ్య ఎందుకట్లా ఉన్నారని. తలుపు సంగతి చెప్పాను. వాళ్లకు వాస్తు పట్టింపు అన్నాను.

"మీకు లేదా?"

"నాకెక్కడిది?"

"మరి మనింటి మెట్లు మూడుసార్లెందుకు మార్చిన్రు?"

"అది అమ్మ కోసం."

"అత్తమ్మ మెట్ల గురించి ఒక్కనాడన్న మాట్లాడిందా?" అని మళ్లీ పేపర్లలోకి పోయింది.

అమ్మ మాట్లాడిందో లేదో నాకు గుర్తు లేదు.

ఆగస్టు 6

జూలై మీటింగ్ మినిట్స్ ఈ రోజు వచ్చాయి. ఏడో అంశం: "ఆర్కిటెక్ట్ సూచన మేరకు నైరుతి ద్వారం స్థానంలో కిటికీ ఏర్పాటు." నేను సూచించడమేమిటి? వాళ్లు తీసేసిన తలుపును నా ఖాతాలో వేశారు. సర్కారు ఆఫీసుల్లో ఇది మామూలే. రేపు దిద్దుబాటు కోరుతూ లెటర్ పెట్టాలి.

నవ్యకు చూపించాను. చదివి నా చేతికిచ్చింది. "ఇందుల తప్పేమున్నది సార్?" అంది.

ఆ పిల్లకు ఆఫీసుల తీరు తెలియదు.

ఆగస్టు 7

లెటర్ పెట్టలేదు.

ఆగస్టు 19

మూడు రోజులుగా వాన. స్లాబు ఎక్కడా కారడం లేదు. శ్రీనివాస్ రెండుసార్లు ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. లెటర్ ఇక పెట్టినా లాభం లేదు. గోడ లేచింది.

సెప్టెంబర్ 3

అద్దం బిగించారు. హైదరాబాద్ నుంచి వచ్చింది. ఎనిమిది మంది కలిసి దించారు.

మధ్యాహ్నం సమ్మమ్మ వచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. వాచ్‌మన్ ఆపితే, "సారు మాకు ఎరుకే," అని లోపలికి వచ్చేశారు. నడవ చివరిదాకా నడిచారు. సమ్మమ్మ అద్దం మీద అరచెయ్యి పెట్టింది. అవతల తంగేడు పొద. ఆ వెనక సీతాఫలం చెట్లు.

"తలుపేది సారూ?"

"వస్తదక్కా. ఇంక పనున్నది."

"రంగు గూడ ఏసిన్రు గద?"

"ఇది తాత్కాలికం."

ఆమె నా ముఖం చూసింది. తలూపింది. ముగ్గురూ వెళ్లిపోయారు. ఆమె చెయ్యి పెట్టిన చోట అద్దం మీద మరక పడింది. కూలీ తుడిచాడు.

నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. రెండో దశలో తలుపు గురించి అడగవచ్చు. రెండో దశ ఉంటుందని ఎవరూ అనలేదు. ఉండదని కూడా అనలేదు.

సెప్టెంబర్ 22

వాడ నుంచి కంచె చుట్టూ తిరిగి గుట్ట అవతలి వైపుకు బండి మీద వెళ్లాను. రైలు పట్టాల పక్కదారి. మీటరులో నాలుగు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. ఇదివరకు వాళ్ల వాకిట్లోంచి గుట్ట ఎక్కడానికి ఆరు నిమిషాలు పట్టేది.

అవతలి వైపు చెట్లకు కాయలు బాగా ఉన్నాయి. కొన్ని కండ్లు తెరిచాయి. కాయ మీది బొడిపెల మధ్య పసుపు తెలుపు గీత కనిపిస్తుంది. అదే గుర్తు.

ఎందుకు వెళ్లానో పద్మలత అడిగింది. పెట్రోలు పోయించుకోవడానికి అన్నాను.

సెప్టెంబర్ 27

కంచె కోశారు. నలభై ఒకటి, నలభై రెండు స్తంభాల మధ్య. సమ్మమ్మ ఆఫీసువాళ్లకు దొరికింది. మిగతావాళ్లు పరుగెత్తారు. ఆమె పరుగెత్తలేదట. కొడవలి, రెండు గంపల కాయలు ఆఫీసు వరండాలో పెట్టించారు. ప్రభుత్వ ఆస్తికి నష్టం అని కేసు రాస్తున్నారు. నవ్య ఫోన్ చేసి చెప్పింది.

"మీ పేరు చెప్పిందట సార్."

"ఏమని?"

"సారు తలుపు పెడ్తనన్నడు, పెట్టేదాంక ఇట్ల పోతానం అన్నదట."

సెప్టెంబర్ 28

ఉదయం రాజేశ్వర్ రావు గారిని కలిశాను. వరండాలో గంపలు అలాగే ఉన్నాయి. కాయలు మెత్తబడి చీమలు పట్టాయి.

ఆమె పెద్దావిడ, వదిలేయండి అన్నాను. మీరు తలుపు తీసేయించడం వల్లే కదా ఇదంతా జరిగింది అన్నాను. గొంతు కొంచెం పెంచాను.

ఆయన పెంచలేదు. టీ తెప్పించారు.

"రాంప్రసాద్ గారూ, నేను మిమ్మల్ని ఏమడిగిన ఆ రోజు?"

"నైరుతిల తలుపేందన్నరు."

"అడిగిన. తీసెయ్యమన్ననా?"

నేను టీ గ్లాసు పక్కకు జరిపాను.

"నైరుతిల గుట్ట ఉంటే మంచిదంటరు, తలుపుంటే చెడ్డదంటరు. మా ఇంట్ల రోజు వినేదే. గందుకే నోటికొచ్చింది, అడిగిన. ఈ ఆఫీసు గేటు దక్షిణం. పదేండ్ల సంది ఇందులకెల్లే వస్తాన, పోతాన. నాకేం పట్టింపు? మీరు జవాబు చెప్తరనుకున్న. అది అడవిల్కి పోయే దారి సార్ అంటే, సరే అనేటోన్ని. మీరేమో నా మాట కాకముందే మార్చొచ్చు సార్, కిటికీ పెడ్దాం అన్నరు. ఆర్కిటెక్టుకే ఇష్టం లేదేమో అనుకున్న."

ఇంటికి వచ్చి జూలై 24 పేజీ తీసి చూశాను. "తీసేశారు" అని ఉంది. నా చేతిరాతే.

జరిగింది ఇది. నాలుగో షీటు మీద ఆయన వేలు కదులుతూ కింది మూలకు వచ్చి ఆగింది. "ఇదేంది, నైరుతిల తలుపా?" అన్నారు. ఆయన తలెత్తేలోపు నేను మార్చొచ్చు అన్నాను. ఆయన ఒక క్షణం చూసి, "మీ ఇష్టం," అన్నారు. ఎర్ర పెన్ను తీసి తలుపు మీద అడ్డగీత గీసింది కూడా నేనే. నవ్య నా పక్క కుర్చీలో ఉంది.

ఓనరు వేలు ఆ మూలలో ఆగితే నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. బాత్‌రూమ్ జరుపుతాను, మెట్లు తిప్పుతాను, బోరు చోటు మారుస్తాను. అడిగేదాకా ఆగితే పని ఇంకొకరికి పోతుందని మొదటి సంవత్సరమే నేర్చుకున్నాను. తర్వాత అడగకముందే చేయడం అలవాటైంది. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. నమ్మకం ఉన్నవాడైతే మొదట అక్కడ తలుపు గీయనిచ్చేవాడే కాదు, ఎవరికీ మాట ఇచ్చేవాడూ కాదు. రెండు వందల ఇళ్లలో ఒక్క తలుపు కోసం కూడా నేను వాదించలేదు.

ఉదయం ఆయన దగ్గర్నుంచి వచ్చేముందు అడిగాను, ఇప్పుడు తలుపు పెట్టించవచ్చా అని.

"ఎట్ల? పండుగ ముంగట ఓపెనింగ్. అద్దం పగలగొట్టమంటరా?" అన్నారు. కొంచెం ఆగి, "ఆమె సంగతంటరా, మాట ఇచ్చింది మీరు, మార్చింది మీరు అని రాసివ్వండ్రి. కేసు లేకుండ చూడొచ్చు. కాని ఆ కాయితం ఫైల్ల ఉంటది. మల్ల ఏ ప్రభుత్వ పనికి మీ పేరు రాదు. ఫికర్ లేదంటే ఇవ్వండ్రి."

మంచి మనిషే. అదే ఇబ్బంది.

సెప్టెంబర్ 29

నిద్రపోయాను. లేచాను. మళ్లీ పడుకున్నాను.

సెప్టెంబర్ 30

రాసిచ్చాను. నేను చెబుతుంటే నవ్య టైపు చేసింది.

మొదటిసారి "సమావేశంలో వచ్చిన అభ్యంతరం దృష్ట్యా" అని చెప్పాను. ఆమె వేళ్లు ఆపేసింది. "ఎవరు అభ్యంతరం పెట్టిన్రు సార్?" తీసేయమన్నాను. తర్వాత "సమయం ఒత్తిడి వల్ల" అన్నాను. "జూలైల ఏం ఒత్తిడి ఉండె సార్?" అది కూడా తీసేశాం.

మిగిలింది ఇది:

"జూన్ 20న వాడలో సుమారు నలభై మంది ముందు, భవనం వెనక తలుపులోంచి గుట్ట మీదికి దారి ఉంటుందని నేను మాట ఇచ్చాను. ఆ మాట మీద వాళ్లు కంచెకు ఒప్పుకున్నారు. జూలై 24న ఆ తలుపు తీసేయమని నన్ను ఎవరూ ఆదేశించలేదు. నేనే తీసేశాను. వాడవాళ్లకు చెప్పలేదు. సెప్టెంబర్ 3న సమ్మమ్మ అడిగినప్పుడు తలుపు వస్తుందని అబద్ధం చెప్పాను."

సంతకం పెట్టాను. ప్రింటు తీస్తూ నవ్య అంది, "నేను గూడ ఆ రోజు నోరు మూసుకొని కూసున్న సార్. నా పేరు రాయలేదు మీరు."

"నువ్వు జీతానికి చేస్తానవ్."

"మీరు?"

అక్టోబర్ 4

కేసు లేదు. హెచ్చరికతో వదిలారు. కొడవలి తిరిగి ఇచ్చారట. మధ్యాహ్నం నాకు కూడా ఒక కాగితం వచ్చింది. ఈ పని పూర్తయ్యాక ప్రభుత్వ పనులిచ్చే ఆర్కిటెక్టుల జాబితాలో నా పేరు ఉండదు. రెండు వాక్యాలు.

సాయంత్రం వాడకు వెళ్లాను. సమ్మమ్మ వాకిట్లో కూర్చుని కాయలను గడ్డిలో పేరుస్తోంది. కూర్చోమనలేదు. నేనే మెట్టు మీద కూర్చున్నాను.

"కేసు పోయిందట గద సారూ."

"పోయిందక్కా. తప్పు నాదే అని రాసిచ్చిన."

"తప్పు నీదని నాకు గా దినమే ఎరుక. అద్దం కాడ నీ మొకం సూసిన గద." ఒక కాయ నొక్కి చూసి పక్కన పెట్టింది. "తలుపు ఎప్పుడు పెడ్తవ్?"

"పెట్టలేనక్కా. ఇప్పుడు నా చేతిల లేదు."

"మరి అప్పుడు నీ చేతిల ఉండె గద?"

ఉండెనని చెప్పాను.

ఆమె ఇంకో కాయ గడ్డిలో పెట్టింది. నేను లేచి వచ్చాను. నాకు ఒక కాయ కూడా ఇవ్వలేదు. ఇస్తే ఎలా తీసుకోవాలో నాకు తెలియదు కాబట్టి అదే మంచిదైంది.

అక్టోబర్ 7

పని పూర్తయ్యాక ఇచ్చే చివరి షీట్లు గీయాలి. వీటికి ఒకే నియమం. కట్టాలనుకున్నది కాదు, కట్టింది గీయాలి. ఎక్కడ ఏది ఉంటే అది, ఉన్న కొలతతో.

పద్మలతకు బతుకమ్మ సెలవులు. కొలతలకు తోడు వస్తానంది. ఎండలో ఎందుకన్నాను.

అక్టోబర్ 8

కంచె మొత్తం నడిచాను. స్తంభాలు నూట డెబ్బై ఆరు. నలభై ఒకటి, నలభై రెండు మధ్య కోసిన చోట ఆఫీసువాళ్లు కట్టిన తీగ తెగి వేలాడుతోంది. కింద మట్టి అణిగి ఉంది. రోజూ నడుస్తున్నారు.

నేను టేపు పట్టుకుని ఉండగా సమ్మమ్మ, ఆమె వెనక నలుగురు, గుట్ట దిగి వచ్చారు. నన్ను చూసి ఆగారు. నలుగురిలో ఒకామె వెనక్కి తిరగబోయింది.

"ఏం కొలుస్తానవ్?" అంది సమ్మమ్మ.

"ఈ సందు. కాయితంల పెట్టాలె."

"పెడ్తె ఏమైతది?"

"తెల్వదు. ఉన్నదున్నట్టు పెట్టాలె, గంతే."

గంప దించి, టేపు రెండో కొస పట్టుకుంది. తీగ చివర నుంచి తీగ చివర దాకా. రెండు అడుగుల మూడు అంగుళాలు.

"సరిగ్గ పెట్టు. మల్ల తక్కువ రాసేవు," అంది.

అక్టోబర్ 9

పన్నెండు షీట్లు తీసుకుని వెళ్లాను. రాజేశ్వర్ రావు గారు ఒక్కొక్కటి తిప్పి సంతకం పెడుతూ వచ్చారు. నాలుగో షీటు మీద, కంచె గీసిన చోట, వేలు ఆగింది.

"ఇదేంది?"

నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. మళ్లీ తెరిచాను.

"దారి సార్."

"దారేంది? కంచె తెగింది గద."

"తెగినకాడికెల్లి మనుషులు నడుస్తాన్రు. వెడల్పు రాసిన."

"మూసినట్టు గీసి తీసుకరండ్రి. షీటు ఖరారైతేనే శ్రీనివాస్‌కు చెప్పి అతికిస్త. షీటుల లేని పని ఆయన చెయ్యడు."

"మూసి లేదు సార్."

"రేపు మూస్తం అంటాన గద?"

"మూసినంక గీస్త."

"షీటు లేంది మూయలేం. మూయంది మీరు గీయరు." ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇట్లయితే దీని మీద సంతకం కాదు. మీ పని అయినట్టు లెక్క కాదు. మీకు తెలుసు గద?"

"తెలుసు సార్."

"పండుగ అయినంక మాట్లాడ్దాం. మల్ల దీపావళి అంటరు, మల్ల నేను లీవుల పోత. నెల రోజులు పడ్తది."

"పట్టనియ్యండ్రి."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. పదకొండు షీట్లు ఒక పక్కన పెట్టి, నాలుగోది చుట్టి నా వైపు జరిపారు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఒక తలుపు కోసం మాట్లాడవలసిన మాటలు రెండున్నర నెలల తర్వాత ఒక సందు కోసం మాట్లాడాను.

సీతాఫలాల కాలం ఇంకా నాలుగు వారాలుంది. షీటు ఇంట్లో బల్ల మీద ఉంది. ఏమీ మార్చలేదు.